పేర్లు పరచిన బాట

పొరపాటున పుస్తకమునకు కాలు తగిలినచో మనమేమి చేయుదుము? వెంటనే వంగి దానిని తాకి కన్నుల కద్దుకొందుము. చదువురాని ముదుసలి సైతము అక్షరములున్న కాగితపు ముక్క దారిలో కనబడిన, దానిని తీసి ప్రక్కన పెట్టును. అక్షరము సరస్వతీ స్వరూపమనియు, దానిని త్రొక్కరాదనియు మన పెద్దలు మనకు నేర్పిరి. అట్టి మనకు, ఒక దేశమున జనులు తమ పేర్లను తామే ఇటుకలపై చెక్కించి, నలుగురు నడచు దారిలో పరపింతురని వినినచో ఆశ్చర్యము కలుగక మానదు. తమ పేర్లు మాత్రమే కాదు. గతించిన తల్లిదండ్రుల పేర్లను, చదువు చెప్పిన గురువుల పేర్లను, అల్లారుముద్దుగ పెంచుకొన్న బిడ్డల పేర్లను కూడ వారు అట్లే నేలపై పరపింతురు. ఇది గౌరవమా, అగౌరవమా? ఆ బాట వెంట ఒకసారి నడచి వచ్చిన పిదప మనమే నిర్ణయించుకొందము.

ఆ దేశము అమెరికా సంయుక్త రాష్ట్రములు. అచ్చట పెక్కు పట్టణముల శివారులలో ప్రకృతి కేంద్రములను సంస్థలు కలవు. ఇవి జంతు ప్రదర్శనశాలలు కావు, పూలతోటలును కావు. కొంత అడవిని, కొంత పచ్చికబయలును, ఒక వాగునో చెరువునో ఉన్నవి ఉన్నట్లుగ కాపాడి, వాని నడుమ కాలిబాటలు తీర్చి, వచ్చినవారికి చెట్టును, పిట్టను, పురుగును చూపి, వాని జీవనమును బోధించుట ఈ కేంద్రముల పని. పాఠశాలల పిల్లలు బస్సులలో వచ్చి పుస్తకములలో చదివినదానిని ఇచ్చట కన్నులార చూచి పోవుదురు.

ఒహాయో రాష్ట్రములో డేటన్ అను నగరము కలదు. విమానమును నిర్మించిన రైటు సోదరులు నివసించిన ఊరు అదియే. ఆ నగరమునకు సమీపమున 1957వ సంవత్సరములో మేరీ ఆల్ అను మహిళ తన భూమిలో సుమారు 70 ఎకరములను జాతీయ ఆడుబాన్ సంఘమునకు దానము చేసెను. పక్షుల చిత్రములు లిఖించి ప్రఖ్యాతి గాంచిన జాన్ జేమ్స్ ఆడుబాన్ (1785-1851) పేర వెలసిన సంఘమది. ఆ దానభూమియే నేటి ఆల్‌వుడ్ ప్రకృతి కేంద్రమునకు పునాది. ఇట్లే పలుచోట్ల దాతల ఔదార్యము వలనను, పౌరుల పూనిక వలనను అడవి తునకలు గొడ్డలివాతను పడకుండ నిలిచినవి.

కాని డెబ్బది ఎకరములు దానమీయగలవారు ఎందరుందురు? ఒక్క ఇటుక వెల ఈయగలవారు మాత్రము వేలకొలది యుందురు. ఈ చిన్న సత్యము నుండియే పేర్ల బాటలు పుట్టినవి. ఓరెగన్ రాష్ట్రములోని పోర్ట్‌లండ్ నగరమున 1984లో ఒక విశాలమైన చౌకమును నిర్మించినపుడు, ధనము చాలక, పౌరులకు ఇటుకలను అమ్మిరి. కొన్నవారి పేరు ఇటుకపై చెక్కబడెను. 1996లో అట్లాంటా నగరమున ఒలింపిక్ క్రీడలు జరిగినపుడు, అచ్చటి ఉద్యానమునకై ఒక్కొక్క ఇటుకను 35 డాలర్లకు అమ్మగా లక్షలకొలది జనులు కొనిరి. ఈ పద్ధతి క్రమముగ గ్రంథాలయములకు, పాఠశాలలకు, ప్రకృతి కేంద్రములకు వ్యాపించెను. అందరు ఇచ్చు మొత్తము సమానము. అందరి ఇటుకయు సమానము. కోటీశ్వరుని పేరును, కూలివాని పేరును ఒకే వరుసలో ఒకే కొలతలో నుండును.

ఇపుడు మనము ఒహాయో రాష్ట్రములో, ఇట్టి యొక కేంద్రములో, ఏప్రిల్ నెల మూడవ వారమున ఒకనాటి ఉదయము నడచుచున్నట్లు భావింతము. మన దేశమున ఉగాది నాటికి మామిడి కాయలు కాచి, వేప పూచి, కోకిల కూసి, ఎండలు ముదురును. అచ్చటి వసంతము వేరు. అది మంచు క్రిందినుండి వచ్చును. నాలుగు నెలలు నేల ఇనుమువలె గట్టిపడియుండి, మార్చి నెలలో మెల్లగ మెత్తనగును. ఏప్రిల్ నెలలో సైతము ఉదయమున ఊపిరి విడిచిన పొగవలె కనబడును. చెట్లు ఇంకను మోళ్లుగనే యుండును. చూచువానికి అడవి నిద్రించుచున్నట్లే తోచును. కాని నేలవైపు చూపు త్రిప్పినచో సంగతి వేరుగ నుండును.

కేంద్ర భవనపు వాకిటినుండి అడవి మొదలు వరకు ఎఱ్ఱని ఇటుకల బాట సాగుచున్నది. బాట అంచున ఒక పనివాడు మోకాళ్లపై కూర్చుండి, కొన్ని ఇటుకలను పైకి తీసి, వాని క్రింద ఇసుక సర్ది, మరల చదునుగ పేర్చుచున్నాడు. శీతకాలము గడచిన వెనుక ఇది తప్పని పని. ఏలయన, నీరు గడ్డకట్టునపుడు దాని పరిమాణము నూటికి సుమారు తొమ్మిది వంతులు పెరుగును. ఇటుకల క్రింది మట్టిలో చేరిన నీరు మంచుగ మారి ఉబ్బి, ఇటుకలను పైకి నెట్టును. మంచు కరగినపుడు అవి ఎగుడుదిగుడుగ క్రుంగును. అందుచేతనే ఇట్టి బాటలలో ఇటుకలను సున్నముతోగాని సిమెంటుతోగాని అతుకరు. మొదట కంకర పోసి దిమ్మిస కొట్టి, దానిపై అంగుళము మందమున ఇసుక పరచి, ఇటుకలను ఒండొంటిని ఒరసికొనునట్లు పేర్చి, సందులలో ఇసుక నింపుదురు. అతికిన బాట ఉబ్బిన నేలపై పగులును. అతుకని బాట నేలతోపాటు లేచి, నేలతోపాటు దిగును. వాననీరు సందులగుండ ఇంకి భూమిలో చేరును.

ఇపుడు వంగి ఇటుకలను చదువుదము. ఒక్కొక్క ఇటుక ఎనిమిది అంగుళముల పొడవు, నాలుగంగుళముల వెడల్పు కలది. దానిపై సాధారణముగ మూడు పంక్తులు మాత్రమే పట్టును. పంక్తికి ఇంచుమించు ఇరువది అక్షరములు. మాటకు మాటకు నడుమనుండు ఖాళీ కూడ ఒక అక్షరము క్రిందనే లెక్క. ఇంత చిన్న తావున ఒక మనుష్యుని గూర్చి ఏమి వ్రాయగలము? ఇష్టమైనవారిని తలచుకొని మూడు పంక్తులు వ్రాయ ప్రయత్నించి చూడుడు. అది ఎంత కష్టమో తెలియును. బిరుదులకు చోటుండదు. ఆస్తి వివరములకు చోటుండదు. చివరకు పేరొకటి, ప్రేమ తెలుపు మాట యొకటి, సంవత్సర మొకటి మిగులును.

ఇట్టి బాటలలో కనబడు రాతలు నానావిధములు. కొన్నిటిపై భార్యాభర్తల పేర్లును, వారు పెండ్లియాడి ఏబది యేండ్లు నిండిన సంవత్సరమును ఉండును. కొన్ని ఇటుకలు ఒక తరగతి పిల్లలందరు కలసి చిల్లర పోగుచేసి కొన్నవి. వానిపై పాఠశాల పేరుండును. పదవీవిరమణ చేసిన ఉపాధ్యాయునికి శిష్యులు వేయించినవి కొన్ని. పక్షులనిన ప్రాణము పెట్టు అమ్మమ్మకు మనుమలు వేయించినవి కొన్ని. యజమానితో ప్రతిదినము ఈ దారినే నడచిన కుక్కకు కూడ ఒక ఇటుక లభించుట కలదు. చదువుచు నవ్వుకొనుచు ముందుకు సాగుచుండగా, ఎచ్చటనో ఒక ఇటుకయొద్ద అడుగు ఆగును. దానిపై ఒక పసిబిడ్డ పేరు. పుట్టిన యేడు, పోయిన యేడు అని రెండు సంవత్సరములు ఉండవలసినచోట ఒకే సంవత్సరము. దాని క్రింద మరేమియు లేదు. ఆ ఇటుకను చదివినవాడు దానిపై కాలు మోపక, పక్కగ అడుగు వేయుట సహజము. ఎవరును చెప్పకయే కలుగు మర్యాద అది.

ఈ అక్షరములను చెక్కు విధానము తెలిసికొనదగినది. పూర్వము రాతిని చెక్కినట్లు ఉలితో చెక్కుట ఇచ్చట లేదు. అక్షరముల ఆకారమున కన్నములు కోసిన రబ్బరు పొరను ఇటుకపై అంటించి, గరుకైన ఇసుకవంటి పొడిని గాలియొత్తిడితో దానిపై చిమ్ముదురు. పొరయున్నచోట ఇటుకకు దెబ్బ తగులదు. కన్నములున్నచోట ఇటుక కొరుగుడుపడి అక్షరము లోతుగ ఏర్పడును. ఆ గాడులలో నల్లని రంగు నింపుదురు. మరియొక పద్ధతిలో లేజరు కిరణమును ప్రయోగింతురు. ఆ వేడికి ఇటుకలోని మట్టి కరగి నల్లని గాజుగ మారును. ఈ రెండవ పద్ధతిలో రంగుతో పనియే లేదు. అక్షరము ఇటుకలో ఒక భాగమే యగును. సుమారు 1,000 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో కాలిన మట్టి కావున ఇటుక ఎండకు, వానకు చాలకాలము ఓర్చును. దాని ఎఱుపునకు కారణము మట్టిలోని ఇనుము కాలునపుడు ప్రాణవాయువుతో కలియుటయే.

ఇటుకపై పేరు వ్రాయుట నేటి తలపు కాదు. క్రీస్తునకు పూర్వము 604 నుండి 562 వరకు బాబిలోనియాను ఏలిన నెబుకద్‌నెజరు తన కట్టడముల ఇటుకలపై తన పేరును ముద్రవేయించెను. అవి నేటికిని పెక్కు దేశముల వస్తుప్రదర్శనశాలలలో కనబడుచున్నవి. మన దేశముననే డెహ్రాడూన్ ప్రాంతమున, యమునా తీరమునకు చేరువ, జగత్‌గ్రామమున 1952-54 సంవత్సరములలో జరిగిన త్రవ్వకములలో అక్షరములు చెక్కిన ఇటుకలు దొరికినవి. క్రీస్తుశకము మూడవ శతాబ్దమున శీలవర్మ అను రాజు చేసిన అశ్వమేధ యాగవేదిక ఇటుకలవి. బ్రాహ్మీ లిపిలో, సంస్కృత భాషలో, అది ఆ రాజు చేసిన నాలుగవ అశ్వమేధమని వానిపై వ్రాయబడియున్నది. కాని ఈ రెండు తావులలోను ఇటుకపై నిలిచినది రాజు పేరు మాత్రమే. మట్టి త్రొక్కినవాని పేరుగాని, ఆవము కాల్చినవాని పేరుగాని వానిపై లేదు. మనము నడచుచున్న బాటలో మాత్రము రాజు లేడు. ఇందున్నవన్నియు సామాన్యుల పేర్లే.

బాటకు ఇరువైపుల నిపుడు చూడుడు. ఎండుటాకుల నడుమనుండి పూలు తలయెత్తినవి. గులాబి చారలు గల తెల్లని చిన్న పూలు గుంపులు గుంపులుగ పరచుకొన్నవి. వానికి 'స్ప్రింగ్ బ్యూటీ' యని పేరు. మొగ్గలో గులాబి రంగున నుండి, విచ్చిన కొలది నీలముగ మారు గంటలవంటి పూలు 'బ్లూబెల్స్'. మూడాకుల నడుమ మూడు రేకుల తెల్లని పూవు 'ట్రిలియం'. ఒహాయో రాష్ట్రపు అడవిపూవుగ దానిని అచ్చటివారు గౌరవింతురు. పూవు వయస్సు మీరిన కొలది తెలుపు మారి గులాబి రంగు తాల్చును. కొంచెము పైకి చూచిన, 'రెడ్‌బడ్' అను చిన్న చెట్టు కొమ్మలకే కాక మొద్దునకు కూడ ఊదా రంగు పూలు అంటించుకొని నిలిచినది. మన పనసచెట్టు మొద్దుననే కాయలు కాచుట మీరు చూచియే యుందురు, ఇదియు అట్టిదే. ఆకులు లేనపుడే పూచుటలో ఇది మన అడవుల మోదుగను తలపించును.

చెట్లు చిగురింపకమునుపే ఈ నేలపూలు ఇంత తొందరపడుట ఏల? కారణము వెలుతురు. ఈ అడవులలో శీతకాలమున చెట్లు ఆకు రాల్చును. మే నెల నాటికి మరల దట్టముగ ఆకు తొడుగును. అప్పుడు నేలపై నీడ కమ్మును. మంచు కరగుటకును, నీడ కమ్ముటకును నడుమ ఆరేడు వారముల వ్యవధి కలదు. ఆ కొద్ది దినములలోనే ఎండ నేలను తాకును. ఆ యెండనే నమ్ముకొని ఈ మొక్కలు మొలచి, పూచి, కాచి, ఏడాదికి సరిపడు ఆహారమును దుంపలలో దాచుకొనును. వేసవి నడుమకు వీనిలో పెక్కు పూర్తిగ నేలలోనికి మరలిపోవును. జూలై నెలలో వచ్చినవాడు ఇచ్చట ఒకప్పుడు పూలుండెనన్న నమ్మడు.

బాటనుండి దిగి పూలు కోయరాదని పలకలపై వ్రాసియుండును. ఇది వట్టి కట్టుబాటు కాదు. ట్రిలియం విత్తనము మొలకెత్తి తొలి పూవు పూచుటకు ఏడేండ్లు, అంతకంటె ఎక్కువ కూడ పట్టును. పూవుతోపాటు దాని మూడాకులను త్రుంచినచో ఆ యేటి ఆహారము మొక్కకు లేకపోవును. అది చిక్కి చచ్చిపోవచ్చును. ఒక బాలుడు ఒక్క క్షణము సరదాకు కోసిన పూవు, ఆ బాలుడు తొలిసారి బడికి పోకముందే మొలచినదై యుండవచ్చును.

మరల ఇటుకలవైపు చూతము. రెండు ఇటుకల సందునుండి చీమలు ఇసుకరేణువులను మోసికొని వచ్చి చిన్న కుప్పగ పోయుచున్నవి. ఇటుకలు ఎండకు త్వరగ వేడెక్కును గనుక వాని క్రింద చీమలకు హాయి. బాటను క్రుంగదీయు ఈ చీమలే అడవిని పెంచు తోటమాలులని వినిన మీరు వింతపడుదురు. బాట ప్రక్కన 'బ్లడ్‌రూట్' అను మొక్క కలదు. దాని దుంపను విరిచిన నెత్తురువంటి ఎఱ్ఱని రసము స్రవించును. దాని తెల్లని పూలు ఇప్పటికే రాలినవి, కాయలు కట్టుచున్నవి. దాని విత్తనమునకు, ట్రిలియం విత్తనమునకు, ఒక మూల క్రొవ్వుతో కూడిన చిన్న ముద్ద అంటియుండును. చీమలకు అది ప్రియమైన భోజనము. అవి విత్తనమును పుట్టలోనికి మోసికొనిపోయి, ముద్దను తిని, గట్టి విత్తనమును చెత్తతోపాటు ఒక మూల పారవైచును. ఆ చెత్తయే ఎరువు. అచ్చట విత్తనము మొలకెత్తును. చీమ మోసినంత దూరమే పూవు ప్రయాణము. ఏటికి కొన్ని గజములు. ఒక కొండవాలు నిండ ట్రిలియం పూచినదనిన, అది ఎన్ని తరముల చీమల కృషియో! ఆ చీమలలో దేనికిని పూవును నాటుచున్నానన్న తలపు లేదు. దేని పేరును ఎచ్చటను చెక్కబడలేదు.

ఇటుకబాట చివర ఒక చిన్న చెరువు. అందు జమ్ము పెరిగియున్నది. జమ్ము కొనపై నల్లని పిట్ట యొకటి వ్రాలి, భుజములపైని ఎఱ్ఱని మచ్చలు విప్పి చూపి కూయుచున్నది. చెరువు నలుదెసలనుండి చిన్న గంటలు మ్రోగించినట్లు ధ్వని వినబడుచున్నది. అది కప్పల పాట. ఆ కప్ప ఇంచుమించు అంగుళమంత ప్రాణి. 'స్ప్రింగ్ పీపర్' దాని పేరు. చలికాలమున అది ఆకుల క్రింద దాగియుండగా దాని దేహములోని నీటిలో కొంత గడ్డకట్టును. గుండె కొట్టుకొనుట ఆగును. అయినను అది చావదు. దాని కాలేయము విడుదలచేయు చక్కెర కణములలో నిండి వానిని కాపాడును. వెచ్చదనము తగులగనే మంచు కరగి, గుండె మరల కదలి, కొన్నాళ్లకు ఇట్లు పాడనారంభించును. పోయినదనుకొన్న ప్రాణము తిరిగివచ్చు ఈ చెరువు గట్టునకు పోయినవారి పేర్లున్న బాట వచ్చి చేరుట ఎంత తగియున్నది!

ఇటుకలు కొన్నవారి ధనము ఏమగుచున్నదో ఇక తెలిసికొందము. అడవిని దాని మానాన విడిచిన చాలును, ధనమెందులకని కొందరడుగుదురు. ఒహాయో అడవులలో నేడు ఆ మాట చెల్లదు. తూర్పు ఆసియానుండి తెచ్చి తోటలలో పెంచిన 'హనీసకల్' అను పొద యొకటి అడవులలోనికి ప్రాకినది. అది మిగిలిన చెట్లకంటె ముందు చిగురించి, వాని తరువాత ఆకు రాల్చును. నేలపూలు నమ్ముకొన్న ఆ యారేడు వారముల ఎండను అది దోచుకొనును. దానిని నఱకి, మొదళ్లు మరల చిగురింపకుండ చూడవలెను. స్వచ్ఛందముగ వచ్చిన పౌరులు చలిలో రంపములు పట్టి ఈ పని చేయుదురు. మరియొక ఆపద 2002లో మిషిగన్ రాష్ట్రమున బయటపడినది. ఆసియానుండి వచ్చిన పచ్చని పెంకుపురుగొకటి 'యాష్' జాతి చెట్ల బెరడు క్రింద తొలిచి, కోట్లకొలది చెట్లను చంపెను. అది ఒహాయోకును వ్యాపించెను. ఎండిన చెట్లు బాటసారులపై పడకుండ కొట్టించుట, వాని స్థానమున వేరు జాతులను నాటుట, బాటలు బాగుచేయుట, పిల్లలకు బోధించువారిని పోషించుట, ఇవియన్నియు ధనముతో కూడిన పనులు. కావున పూవు పూచిన కొంత పుణ్యము ఇటుకది.

ఇటుక చెక్కించినంత మాత్రమున పేరు శాశ్వతమగునా? కాదు. గాడిలోని రంగు కొన్నేండ్లకు పోవును. నాచు పెరిగి అక్షరముల నిండ చేరును. ఫ్లారిడా రాష్ట్రములో ఒక వినోద నగరమున 1994 నుండి సందర్శకుల పేర్లతో పరచిన ఇటుకలను, దారులు మార్చవలసి వచ్చి, 2019లో తొలగించిరి. అవి ఎప్పటికిని అచ్చటనే యుండునని తలచినవారు నొచ్చుకొనిరి. కాలిన మట్టి ఎంత గట్టిదైనను, దానిని కాపాడు మనస్సు లేనిచో అది వట్టి మట్టియే.

ఇపుడు మొదటి ప్రశ్నకు వత్తము. పేరును పాదముల క్రింద నుంచుట అగౌరవమా? దీనికి సమాధానము మన యాలయములలోనే కలదు. దక్షిణదేశపు ప్రాచీన దేవాలయములు కొన్నిటిలో నేలబండలపై సాష్టాంగ నమస్కారము చేయుచున్న మనుష్యుని రూపము చెక్కియుండును. కొన్నిటియందు ప్రక్కన పేరు కూడ నుండును. లోనికి వచ్చు భక్తుల పాదధూళి తమపై పడవలెనని కోరి వారట్లు చెక్కించుకొనిరి. కొండలపైనున్న కోవెలల మెట్లమీద దాతల పేర్లు నేటికిని కనబడుచుండును. అక్షరమును అలక్ష్యముతో త్రొక్కుట వేరు. నలుగురి నడకకు ఆధారముగ నుండగోరి తన పేరును తానే వంచి యిచ్చుట వేరు. మొదటిది అవమానము, రెండవది సమర్పణము.

కృష్ణాతీరమున అమరావతి స్తూపమునకు పలకలు సమర్పించినవారి పేర్లు ఆ రాళ్లపైననే చెక్కబడియున్నవి. వారిలో వర్తకులు కలరు, గృహిణులు కలరు, భిక్షుణులు కలరు. విధికుడను చర్మకారుడు తన తల్లితో, భార్యతో, సోదరులతో, బిడ్డలతో కూడి పూర్ణకుంభము చెక్కిన పలక నొకదానిని సమర్పించెను. ఇది సుమారు 1,800 సంవత్సరముల నాటి మాట. ఆనాటి ధనవంతులలో ఎందరి పేర్లో మనకు తెలియవు. చెప్పులు కుట్టి బ్రదికిన విధికుని పేరు తెలియును. అతడు తన పేరును తన యింటి గోడపై వ్రాసికొనక, పదిమందికి చెందినదానికి జతచేసెను. అందువలననే అది మనదాక వచ్చినది.

ఒహాయో అడవి అంచున ఇటుకలు కొన్నవారికి విధికుని సంగతి తెలియదు. అయినను వారు చేసినదియు అదియే. చెరువు గట్టునుండి తిరిగి వచ్చుచుండగా, బస్సు దిగిన పిల్లలు కొందరు బాటపై పరుగెత్తుచు ఎదురైరి. వారిలో ఒక బాలిక ఆగి, నాచు పట్టిన ఇటుక నొకదానిని వ్రేలితో తుడిచి, చెరిగిన అక్షరములను కూడబలుకుకొని, ఆ పేరును పైకి చదివెను. ఆ మనుష్యుడెవరో ఆమెకు తెలియదు. చదివి, లేచి, కప్పల పాట వినవచ్చుచున్న దిక్కునకు పరుగెత్తెను.